సిటింగ్ బుల్, ఆనీ ఓక్లీ బొమ్మలున్న రెండు సిగరెట్ కార్డులు: పొగాకు కంపెనీలు ఇంత శ్రమ ఎందుకు తీసుకున్నాయి?

ప్రశ్న అడిగినవారు: రిచ్‌మండ్ పాఠకుడు

సభ్యులందరికీ నమస్కారం. నేను పదకొండేళ్లుగా అమెరికాలో, వర్జీనియా రాష్ట్రపు రిచ్‌మండ్ నగరంలో ఉంటున్నాను. గత నెల మా వీధిలో ఇల్లు ఖాళీ చేసి కూతురి దగ్గరికి వెళ్లిపోతున్న ఒక పెద్దావిడ, పాత కాగితాలంటే నాకున్న ఇష్టం తెలిసి, ఒక కవరులో రెండు చిన్న అట్టముక్కలు పెట్టి నా చేతికిచ్చారు. ఒక్కొక్కటి సుమారు ఒకటిన్నర అంగుళాల వెడల్పు, రెండు ముప్పావు అంగుళాల పొడవు ఉన్నాయి. ఒకదానిమీద అమెరికా ఆదివాసులైన లకోటా తెగ నాయకుడు సిటింగ్ బుల్ రూపం ఉంది. రెండోదానిమీద తుపాకీ గురిలో పేరుపొందిన ఆనీ ఓక్లీ బొమ్మ ఉంది. రెండింటి వెనుకా అలెన్ అండ్ గింటర్ అనే ఈ ఊరి సిగరెట్ కంపెనీ పేరు, ఆ వరుసలో ఉన్న యాభై బొమ్మల పేర్ల జాబితా, పది సిగరెట్ల పెట్టెకు ఒక కార్డు చొప్పున పెట్టామన్న ప్రకటన అచ్చువేసి ఉన్నాయి.

నాకు ఈ వస్తువు మీద ఆసక్తి కలగడానికి ఇంకొక కారణం కూడా ఉంది. మా తాతగారు ప్రకాశం జిల్లాలో పొగాకు రైతు. ఊళ్లో బ్యారన్ (పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే కొట్టం) వెలిగినన్నాళ్లూ ఇంట్లో మాటలన్నీ ఆకు రంగు గురించి, వేలంలో పలికిన ధర గురించే సాగేవి. మేమందరం ఆ పంటను 'వర్జీనియా పొగాకు' అనే పిలిచాము కాని, వర్జీనియా అనేది ఒక చోటు పేరన్న సంగతి నాకు హైస్కూలుకు వచ్చేదాకా తెలియదు. ఇప్పుడు అదే చోట నిలబడి, అక్కడి కంపెనీ నూట ముప్పై ఏళ్ల పైచిలుకు కిందట అచ్చువేయించిన కాగితాన్ని చేతిలో పట్టుకొని చూస్తున్నాను.

నా సందేహాలు ఇవి. మెత్తని కాగితపు పొట్లంలో సిగరెట్లు నలగకుండా ఉండటానికి పెట్టిన అట్టముక్కే ఈ కార్డుగా మారిందని చాలాచోట్ల చదివాను. అది నిజమే అనుకున్నా, నలగకుండా ఉండటానికి ఉత్త అట్ట చాలదా? ఇన్ని రంగులు, ఇంత నాణ్యమైన చిత్రం, యాభై బొమ్మల వరుస ఎందుకు? రెండవది, నా దగ్గరున్నవి అసలువా, తరువాతి కాలంలో వేసిన నకళ్లా అన్నది ఇంట్లోనే తెలుసుకొనే మార్గం ఏదైనా ఉందా? వీటిని అమ్మే ఉద్దేశం నాకు లేదు. చేతిలో ఉన్నది ఏమిటో సరిగా తెలుసుకోవాలన్నదే నా కోరిక.

జవాబు 1: పాతకాగితాలు

రిచ్‌మండ్ పాఠకుడు గారికి నమస్కారం. మీరు చదివిన మాటలో అబద్ధం లేదు కాని, అది సగం సంగతే. పొట్లానికి బిగువు కోసం అట్ట పెట్టారు. ఆ అట్టమీద బొమ్మ పెట్టవలసిన అవసరం మాత్రం వ్యాపారంలోంచి పుట్టింది.

బొమ్మల కార్డు పొగాకు కంపెనీలు కనిపెట్టింది కాదు. 1870ల నాటికే అమెరికాలో సబ్బులు, దారపు ఉండలు, కాఫీ గింజలు, నాటుమందులు అమ్మేవారు రంగురంగుల ప్రకటన కార్డులను దుకాణపు బల్లమీద ఉంచి, వచ్చినవారికి ఉచితంగా ఇచ్చేవారు. యూరప్‌లో లీబిగ్ మాంసరసం కంపెనీ కూడా ఆ దశాబ్దంలోనే వరుస కార్డులు మొదలుపెట్టింది. సిగరెట్ కంపెనీలు చేసిన పెద్ద మార్పు ఏమిటంటే, కార్డును బల్లమీదినుంచి తీసి పెట్టె లోపల పెట్టడం. బల్లమీద ఉన్న కార్డు సరుకు కొనకపోయినా దొరుకుతుంది. పెట్టెలో ఉన్నదాన్ని చూడాలంటే కొని తెరవాలి. పైగా ఏ బొమ్మ వస్తుందో తెరిచేదాకా తెలియదు.

ఇప్పుడు 1880ల సంగతి చూడండి. అప్పట్లో సిగరెట్‌ను చేత్తో చుట్టేవారు. రిచ్‌మండ్‌లో అలెన్ అండ్ గింటర్ ఫ్యాక్టరీలో వందలమంది అమ్మాయిలు బల్లల ముందు కూర్చొని చుట్టేవారు. చేయి తిరిగిన మనిషి రోజుకు రెండు మూడు వేలు చుట్టగలిగితే గొప్ప. ఈ ఆలస్యాన్ని తప్పించే యంత్రానికి అలెన్ అండ్ గింటర్ వారు 75,000 డాలర్ల బహుమతి ప్రకటించారని చెబుతారు. వర్జీనియాకే చెందిన జేమ్స్ బొన్‌శాక్ అనే యువకుడు అటువంటి యంత్రాన్ని తయారుచేసి 1881లో పేటెంటు పొందాడు. అది బాగా నడిచిన రోజున పది గంటల్లో లక్షా ఇరవై వేల సిగరెట్లు చుట్టేది. అయితే అది తరచూ ఆగిపోతుండటం వల్లా, యంత్రంతో చుట్టిన సిగరెట్‌ను జనం ఇష్టపడరన్న అనుమానం వల్లా రిచ్‌మండ్ కంపెనీ దాన్ని పక్కనపెట్టింది. ఉత్తర కరొలినాలోని డర్హమ్‌లో ఉన్న జేమ్స్ బుకానన్ డ్యూక్ ఆ యంత్రాన్ని అద్దెకు తీసుకొని, 1884లో దాన్ని నిలకడగా నడిపించగలిగాడు. అంతకు ముందు సంవత్సరమే, 1883లో, ప్రభుత్వం వెయ్యి సిగరెట్లమీద ఉన్న పన్నును 1.75 డాలర్లనుంచి 50 సెంట్లకు తగ్గించగా, డ్యూక్ పది సిగరెట్ల పెట్టె ధరను పది సెంట్లనుంచి ఐదు సెంట్లకు దించేశాడు.

చిత్రకార్డు విరివిగా పుట్టింది ఈ పరిస్థితిలోనే. సరుకు కుప్పలుగా తయారవుతున్నది. ధర అందరిదీ దాదాపు ఒకటే. కళ్లు మూసుకొని తాగితే ఏ కంపెనీ సిగరెట్టో చెప్పడం కష్టం. సిగరెట్‌లో తేడా చూపించలేనప్పుడు తేడాను కార్డులో చూపించవలసి వచ్చింది. న్యూయార్క్‌లో గుడ్విన్ కంపెనీ తన ఓల్డ్ జడ్జ్ బ్రాండులో బేస్‌బాల్ ఆటగాళ్ల ఫొటోలు పెట్టింది. డ్యూక్, కిన్నీ, కింబల్ కంపెనీలు నటీమణుల బొమ్మలు, జెండాలు, సైనిక దుస్తులు, ఇలా దొరికినదల్లా పెట్టాయి. వీటన్నిటిలో అందంగా అచ్చు వేయించినవారు మాత్రం మీ ఊరివారే అన్నది నా గట్టి అభిప్రాయం. పక్షులు, జంతువులు, సముద్రపు దొంగలు, విసనకర్రలు పట్టుకొన్న స్త్రీలు, ఇలా ఎన్నో యాభై బొమ్మల వరుసలు తెచ్చారు. ఆ జాబితాను కార్డు వెనుక అచ్చువేయడంలోనే అసలు కిటుకంతా ఉంది. ఒక్క బొమ్మ దొరికినవాడికి తనకు ఇంకా దొరకని నలభై తొమ్మిది పేర్లు ఆ కార్డే చదివి వినిపిస్తుంది. పెట్టెల్లో వచ్చిన కూపన్లు పోగుచేసి పంపినవారికి అవే బొమ్మలను పుటలనిండా అచ్చువేసిన ఆల్బమ్ కూడా ఇచ్చేవారు.

మీ దగ్గరున్న ఆనీ ఓక్లీ కార్డు 1887లో వచ్చిన 'వరల్డ్స్ ఛాంపియన్స్' వరుసలోనిది. అందులో యాభై మంది ఉంటే పది మంది బేస్‌బాల్ ఆటగాళ్లు. తక్కినవారు ముష్టియోధులు, మల్లయోధులు, పడవ పందేలవారు, బిలియర్డ్స్ ఆటగాళ్లు, గురి కాల్చేవారు. సిటింగ్ బుల్ కార్డు 1888లో వచ్చిన 'అమెరికన్ ఇండియన్ చీఫ్స్' వరుసలోనిది.

ఈ ఖర్చు ఎంతవరకు పోయిందంటే, 1889 ఒక్క సంవత్సరంలోనే డ్యూక్ ప్రకటనలమీద సుమారు ఎనిమిది లక్షల డాలర్లు వెచ్చించాడు. ఇక తట్టుకోలేని స్థితికి వచ్చాక, 1890 జనవరిలో పైన చెప్పిన ఐదు కంపెనీలూ కలిసి అమెరికన్ టొబాకో కంపెనీగా ఏర్పడ్డాయి. అధ్యక్షుడు డ్యూకే. పోటీ పోగానే కార్డు అవసరమూ తగ్గింది. మరి కొద్ది సంవత్సరాలకే అమెరికాలో ఆ తొలి వెల్లువ చల్లారిపోయింది. కార్డు బిగువు కోసమే పుట్టి ఉంటే, 1890 తరువాత కూడా పొట్లాలు నలుగుతూనే ఉండాలి కదా. అందువల్ల చిత్రకార్డును పోటీకి గుర్తుగా చూడటమే సరైనదని నేను నమ్ముతున్నాను.

జవాబు 2: లితో పనివాడు

నేను ముప్పై నాలుగేళ్లు విజయవాడలో అచ్చు పనిలో గడిపినవాణ్ణి. మీ రెండో ప్రశ్నకు నాకు తెలిసినంత చెబుతాను.

మీ కార్డులు అసలువైతే అవి క్రోమోలితోగ్రఫీ, అంటే రంగుల రాతి అచ్చు పద్ధతిలో వేసినవి. సున్నపురాయి పలకమీద జిడ్డు సిరాతో బొమ్మ గీస్తారు. రాయిని తడిపితే జిడ్డు లేనిచోట నీరు నిలుస్తుంది, జిడ్డు ఉన్నచోట రంగు పట్టుకుంటుంది. ఒక రంగుకు ఒక రాయి. ఎరుపుకు ఒకటి, పసుపుకు ఒకటి, నీలానికి ఒకటి, ఒంటి చాయకు లేత గులాబీ ఒకటి, మళ్లీ నీడలకు ఊదా ఒకటి, ఇలా ఒక్క బొమ్మకు ఎన్నో రాళ్లు పట్టేవి. ప్రతి రాయిమీదా ఆ రంగు ఎక్కడ ఎంత పడాలో చిత్రకారుడు చుక్కలు చుక్కలుగా చేత్తోనే పొడిచేవాడు. కాగితం ఒక రాయినుంచి మరొక రాయికి వెళ్లేటప్పుడు వెంట్రుకవాసి జరిగినా పెదవి రంగు గడ్డంమీద పడుతుంది. రెండు ముప్పావు అంగుళాల కార్డులో ఆ గురి తప్పకుండా ఉండటమంటే ఎంత పనో ఆ పని చేసినవారికే తెలుస్తుంది. మీ ఆనీ ఓక్లీ కార్డు వెనుక అడుగున 'లిండ్నర్, ఎడ్డీ అండ్ క్లాజ్, న్యూయార్క్' అని సన్నటి అక్షరాలు ఉంటాయి, చూడండి. అచ్చు వేసిన సంస్థ అదే. రాళ్లమీద చుక్కలు పొడిచిన చిత్రకారుల పేర్లు మాత్రం ఈ కార్డులమీద ఉండవు. నాకు ఎప్పుడూ బాధ కలిగించే విషయం అది.

మన దేశంలో రాజా రవివర్మ 1894లో బొంబాయిలో జర్మన్ నిపుణులతో పెట్టించిన ప్రెస్సులో లక్ష్మీ సరస్వతుల పటాలు వేసింది ఇదే పద్ధతిలో. మీ అమ్మమ్మగారి పూజగదిలో ఆ కాలపు పటం ఏదైనా ఉంటే, దాన్నీ ఈ కార్డునూ ఒకే భూతద్దం కింద చూడండి. రెండింటి చుక్కలూ ఒకే కుటుంబానికి చెందినవని మీకే అర్థమవుతుంది.

పరీక్ష ఎలాగంటే, పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం తీసుకొని, ముఖంలో చెంప దగ్గర చూడండి. అసలు కార్డులో చుక్కలు ఒక్కొక్కటి ఒక్కో పరిమాణంలో, దగ్గరగా, దూరంగా, చేత్తో పెట్టినట్టు కనిపిస్తాయి. కొన్నిచోట్ల చుక్కలే లేకుండా రంగు పూత పూసినట్టు నిండుగా ఉంటుంది. నకలైతే ఆఫ్‌సెట్ అనే ఈ కాలపు యంత్రపు అచ్చులో వేసి ఉంటారు కనుక నాలుగు రంగుల చుక్కలు వరుస తప్పకుండా, చిన్న చిన్న పూలు పేర్చినట్టు కార్డంతా ఒకే అల్లికలో పరుచుకొని ఉంటాయి. అక్షరాలను కూడా చూడండి. రాతి అచ్చులో అక్షరం అంచు గట్టిగా ఉంటుంది. ఫొటో తీసి వేసిన నకలులో అక్షరం కూడా చుక్కలుగా విరుగుతుంది.

చీకటి గదిలో అతినీలలోహిత దీపం కింద పెట్టి చూడటం మరొక పరీక్ష. కాగితాన్ని తెల్లగా మెరిపించే రసాయనాలు రెండవ ప్రపంచ యుద్ధం తరువాతే కాగితంలో విరివిగా కలిశాయి. కార్డు నీలం తెలుపు కలిసిన కాంతితో వెలిగితే అది పాతది కాదని నిశ్చయంగా చెప్పవచ్చు. వెలగనంత మాత్రాన అసలుదని మాత్రం అనుకోకూడదు. ఎందుకంటే, పాత పుస్తకాల ఖాళీ పుటలమీద అచ్చువేసే మోసగాళ్లు కూడా ఉన్నారు.

ఏది చేసినా తడి మాత్రం తగిలించకండి. మురికి పట్టిందని రబ్బరుతో రుద్దకండి. మెత్తని పీవీసీ ప్లాస్టిక్ కవరులో పెట్టకండి. అందులోంచి ఊరే జిడ్డు రంగును తినేస్తుంది. పాలిస్టర్ తొడుగులు దొరుకుతాయి, అవి మంచివి.

జవాబు 3: లండన్ శారద

పాతకాగితాలు గారు రాసినది శ్రద్ధగా చదివాను. పోటీ వల్లే కార్డు పుట్టిందన్న మాట ఒప్పుకుంటాను. పోటీ పోగానే కార్డు పోతుందన్నది మాత్రం బ్రిటన్ విషయంలో పూర్తిగా నిలవదు.

ఇక్కడ బ్రిస్టల్‌లోని విల్స్ కంపెనీ 1880ల చివరలో ప్రకటన కార్డులతో మొదలుపెట్టి, 1890లలో వరుసలు తెచ్చింది. నాటింగ్‌హామ్‌లోని ప్లేయర్స్ కంపెనీ 1893లో కోటలు, మఠాల బొమ్మలతో తొలి వరుస వేసింది. విల్స్ 1896లో వేసిన యాభై మంది క్రికెటర్లలో డబ్ల్యూ. జి. గ్రేస్‌తో పాటు మన రంజిత్‌సింహ్‌జీ కూడా ఉన్నారు. 1901లో డ్యూక్ లివర్‌పూల్ వచ్చి ఆగ్డెన్స్ కంపెనీని కొనేయగా, దాన్ని ఎదుర్కోవడానికి విల్స్, ప్లేయర్స్ తదితరులు కలిసి ఇంపీరియల్ టొబాకో కంపెనీగా ఏర్పడ్డారు. మరుసటి సంవత్సరం ఇరుపక్షాలూ రాజీకి వచ్చి, బయటి దేశాల మార్కెట్ల కోసం బ్రిటిష్ అమెరికన్ టొబాకో కంపెనీని స్థాపించుకున్నాయి. అంటే 1902 నాటికి ఇక్కడ మార్కెట్‌లో పెద్ద భాగం ఒకే గొడుగు కిందికి వచ్చింది. మీ లెక్క ప్రకారం కార్డులు తగ్గిపోవాలి. కాని ఈ దేశంలో వాటికి అసలైన వైభవం వచ్చింది 1920, 30 దశకాల్లో. గొడుగు బయట కరేరాస్, గాలహర్, గాడ్‌ఫ్రీ ఫిలిప్స్ వంటివారు ఉన్నారన్నది నిజమే. అయినా అంతకంటె పెద్ద కారణం అలవాటు అని నేను అనుకుంటాను. పెట్టె తెరవగానే కార్డు కనిపించకపోతే పిల్లలు ఊరుకొనేవారు కారు. వీధిలో పెద్దమనుషులను ఆపి 'కార్డు ఉందా అండీ' అని అడగటం ఇక్కడి ఒక తరానికంతటికీ చిన్ననాటి జ్ఞాపకం. 1933లో కూపన్లమీద బహుమతులు ఇవ్వటం మానుకోవాలని కంపెనీలు ఒప్పందానికి వచ్చాక కూడా కార్డులు కొనసాగాయి. చివరికి వాటిని ఆపింది యుద్ధకాలపు కాగితం కొరత. 1940తో ఆ అధ్యాయం ముగిసింది.

పొట్లం బిగువు కోసమన్న వాదానికి కూడా ఇక్కడి అనుభవమే జవాబు చెబుతుంది. 1930లలో ప్లేయర్స్ సిగరెట్లు అగ్గిపెట్టెలా జరిపి తీసే గట్టి అట్టపెట్టెల్లో వచ్చేవి. వాటికి బిగువు అవసరమే లేదు. అయినా లోపల కార్డు ఉండేది.

వీటిని ఉచితంగా చూడాలనుకునేవారు న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలోని ఆరెంట్స్ సేకరణను ఇంటర్నెట్‌లో చూడవచ్చు. ఇక్కడ బ్రిటిష్ మ్యూజియంలో ఎడ్వర్డ్ వార్టన్-టైగర్ తన వీలునామా ద్వారా ఇచ్చిన మహా సేకరణ ఉంది.

జవాబు 4: పాతకాగితాలు

శారద గారూ, మీరు చెప్పిన అలవాటు సంగతి నేను ఆలోచించలేదు. నా మాటను కొంత సరిదిద్దుకుంటాను. పోటీ కార్డును పుట్టిస్తుంది; నిలబెట్టేది సేకరించేవారి పట్టుదల కావచ్చు. అమెరికాలో కూడా 1909, 1911 మధ్య కార్డులు మళ్లీ పెద్ద ఎత్తున వచ్చాయి. అప్పటికి అమెరికన్ టొబాకో అనే గుత్త సంస్థ ఇంకా చీలలేదు. సుప్రీంకోర్టు దాన్ని చీల్చింది 1911లో. హోనస్ వాగ్నర్ అనే బేస్‌బాల్ ఆటగాడి కార్డు ఆ వెల్లువలోనిదే. తన బొమ్మ వాడటానికి ఆయన ఒప్పుకోకపోవటంతో దాన్ని త్వరగా ఆపేశారు. పిల్లలు తన బొమ్మ కోసం సిగరెట్లు కొనడం ఇష్టం లేక అన్నారని కొందరు, డబ్బు ఇవ్వనందుకని కొందరు చెబుతారు. ఆ కార్డు ఒకటి 2022లో 72.5 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది.

సేకరించేవారి పట్టుదల అన్నాను కనుక ఒకరి పేరు చెప్పకుండా ఉండలేను. న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్‌లో జెఫర్సన్ బర్డిక్ అనే మధ్యతరగతి ఉద్యోగి ఉండేవాడు. ఎవరూ పట్టించుకోని ఈ అట్టముక్కలకు ఆయనే వర్గాలు కల్పించి, అక్షరాలూ అంకెలూ కేటాయించి, అమెరికన్ కార్డ్ కేటలాగ్ అనే జాబితా తయారుచేశాడు. మీ ఆనీ ఓక్లీ వరుసను ఈనాటికీ ఎన్ 28 అని, సిటింగ్ బుల్ వరుసను ఎన్ 2 అని పిలవటం ఆయన పెట్టిన గుర్తులవల్లే. ఎన్ అంటే పందొమ్మిదవ శతాబ్దపు పొగాకు కార్డు. ఆయన మూడు లక్షలకు పైగా కార్డులను, ఇతర ముద్రిత కాగితాలను న్యూయార్క్‌లోని మెట్రొపాలిటన్ మ్యూజియంకు ఇచ్చాడు. కీళ్లనొప్పులతో వేళ్లు వంకరపోయినా, ఏళ్ల తరబడి అక్కడ కూర్చొని వాటిని తన చేత్తోనే ఆల్బమ్‌లలో అంటించాడు. 1963 జనవరిలో ఆ పని పూర్తిచేసి, మార్చిలో కన్నుమూశాడు. ఇటువంటి మనిషి లేకపోతే మనం ఈ రోజు ఇంత ఖచ్చితంగా మాట్లాడుకొనేవాళ్లం కాదు.

జవాబు 5: గడ్డిపరక

అచ్చు అందం గురించి అందరూ రాశారు. బొమ్మలో ఉన్న మనుషుల గురించి నేను రెండు మాటలు చెప్పాలనుకుంటున్నాను.

'అమెరికన్ ఇండియన్ చీఫ్స్' వరుసలో అపాచీ తెగ నాయకుడు జెరోనిమో కూడా ఉన్నాడు. 1888లో ఆ కార్డు ఐదు సెంట్ల పెట్టెల్లో చేతులు మారుతున్నప్పుడు, ఆయన సొంత నేలకు ఎంతో దూరంగా అలబామాలో అమెరికా సైన్యం కింద యుద్ధఖైదీగా ఉన్నాడు. సిటింగ్ బుల్ స్టాండింగ్ రాక్ రిజర్వేషన్‌లో, అంటే ఆదివాసులకు కేటాయించిన ప్రాంతంలో, ప్రభుత్వపు కనుసన్నల్లో బతుకుతున్నాడు. 1890 డిసెంబరు 15న, తనను అరెస్టు చేయడానికి వచ్చిన పోలీసుల తుపాకులకే బలయ్యాడు. ఆ కార్డుమీద ఎంత గంభీరంగా చిత్రించినా, ఆయన అనుమతిగాని, ఆయన తెగ కథగాని అందులో లేవు. ఈకలు, రంగులు మాత్రం ఉన్నాయి. బలవంతులు తమ చేతికి చిక్కినవారిని బొమ్మలుగా చేసి పంచుకోవడం ఈ కార్డులన్నిటిలోనూ కనిపిస్తుంది. భారతదేశంలో అమ్మిన విల్స్ సిజర్స్ బ్రాండు పెట్టెల్లో వచ్చిన 'ఇండియన్ రెజిమెంట్స్' వరుసలో మన సిపాయిలను కూడా అలాగే తలపాగాల తీరునుబట్టి, దుస్తుల రంగునుబట్టి అమర్చారు.

మరొక సంగతి. మీ రెండు కార్డులూ ఒకే కవరులో ఉండటం నాకు చాలా ఆశ్చర్యం కలిగించింది. ఆనీ ఓక్లీ గురిని 1884లో చూసి ముచ్చటపడిన సిటింగ్ బుల్ ఆమెను కూతురిగా భావించి, 'గురి తప్పని చిన్నది' అన్న అర్థం వచ్చే పేరు పెట్టాడు. మరుసటి సంవత్సరం ఇద్దరూ బఫెలో బిల్ అనే ఆయన నడిపిన 'వైల్డ్ వెస్ట్' ప్రదర్శన బృందంలో ఉన్నారు. ఆ బఫెలో బిల్ బొమ్మ కూడా ఆనీ ఓక్లీ ఉన్న వరుసలోనే ఉంది.

ప్రశ్న అడిగినవారి స్పందన: రిచ్‌మండ్ పాఠకుడు

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. నిన్న రాత్రి లితో పనివాడు గారు చెప్పినట్టే చేశాను. సిటింగ్ బుల్ చెంపమీద భూతద్దం పెడితే ఇటుకరంగు చుక్కలు, వాటి కింద లేత గులాబీ పూత, కంటి కింద ముడతలో ఊదా చుక్కలు కనిపించాయి. ఏ రెండూ ఒక్కలా లేవు. ముక్కు పక్కన ఒకచోట ఎరుపు రాయి కొద్దిగా జరిగి, గీతకు ఆవల సన్నని అంచు మిగిలింది. ఆ చిన్న తప్పు చూశాక ఆ పని చేసిన మనిషి నాకు బాగా దగ్గరైనట్టు అనిపించింది. ఆనీ ఓక్లీ కార్డు వెనుక లిండ్నర్, ఎడ్డీ అండ్ క్లాజ్ పేరు ఉంది. అతినీలలోహిత దీపం కింద రెండు కార్డులూ ఏమాత్రం వెలగలేదు.

రెండింటి వెనుకా నాలుగు మూలల్లోనూ గోధుమరంగు జిగురు మరకలు ఉన్నాయి. ఒకప్పుడు ఎవరో ఆల్బమ్‌లో అంటించి, తరువాత జాగ్రత్తగా ఊడదీశారన్నమాట. నిన్న ఆ పెద్దావిడకు ఫోన్ చేసి అడిగితే, అవి తన నాన్నగారి బల్ల సొరుగులో దొరికాయని, ఆ ఆల్బమ్ ఏమైందో తనకు తెలియదని చెప్పారు. గడ్డిపరక గారు రాసిన కథ ఆమెకు చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. ఆ తరువాత, వాటిని విడదీయవద్దని మాత్రం అడిగారు. పాలిస్టర్ తొడుగు ఒకటే తెప్పించి, రెండింటినీ అందులో పక్కపక్కన ఉంచాను.